రెండో షాపు పెట్టాలా, ఉన్నదాన్నే పెంచాలా? ముందు గల్లా ఎవరికి అప్పగిస్తారో తేల్చుకోండి

దసరా, దీపావళి గిరాకీ బాగా నడిచి చేతిలో నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది మన దగ్గర దుకాణదారులకు వచ్చే మొదటి ఆలోచన ఇంకో మడిగె తీసుకోవడం. నల్లగొండలో షాపున్నాయన దేవరకొండ వైపో మిర్యాలగూడ వైపో చూస్తాడు. మహబూబ్‌నగర్‌లో ఉన్నాయన జడ్చర్ల వైపు చూస్తాడు. చిన్న షాపుల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూడటం నా పని కాబట్టి ఈ ఆలోచన నా టేబుల్ ముందుకు తరచూ వస్తుంది. కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, లోను ఎక్కడ దొరుకుతుంది అని అందరూ అడుగుతారు. మీరు లేనప్పుడు అక్కడ రేటు ఎవరు చెబుతారు, ఉద్దెర ఎవరు ఇస్తారు అని నేను అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ చేతిలో ఉన్న నిర్ణయాల్లో కొన్నింటిని ఇంకొకరికి అప్పగించడం ఇప్పుడున్న షాపులోనే అలవాటు కాకపోతే, రెండో షాపు పెట్టకండి. ఉన్నదాన్ని పెంచండి. అది అలవాటయ్యాక రెండో షాపు, పార్ట్‌నర్, బ్యాంకు లోను గురించి ఆలోచించొచ్చు.

మీ షాపు మీరు లేకుండా నడుస్తుందా?

ఒక హార్డ్‌వేర్ షాపులో కూర్చుని చూడండి. ఓనర్ పెళ్లికి పోయాడు. కౌంటర్ దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న పిల్లవాడు ఉన్నాడు. ఏ ర్యాక్‌లో ఏముందో, ఏ ప్లంబర్ ఏ కంపెనీ పైపు అడుగుతాడో అతనికి కంఠతా వచ్చు. ఒక గిరాకీ వచ్చి డజను ఎల్బోలు తీసి పక్కన పెట్టాడు. వెంటనే ఫోను: "సేట్, ఇరవై తగ్గించమంటున్నరు, ఇయ్యాల్నా?" సేట్ ఎత్తలేదు. అక్కడ బాజాల చప్పుడు. గిరాకీ అయిదు నిమిషాలు నిలబడి పక్క షాపుకు పోయాడు. ఇరవై రూపాయల కోసం ఎనిమిది వందల బేరం పోయింది. ఆ పిల్లవాడికి తెలివి లేక కాదు, ఇరవై రూపాయలు తగ్గించే అధికారం ఎవరూ ఇవ్వక.

ఇలాంటి షాపుకు ఇంకో బ్రాంచి తోడైతే ఇలాంటి ఫోన్లు రెండింతలవుతాయి. ఓనర్ రెండు చోట్లకూ బైకు మీద తిరుగుతూ, ఏ చోటా కుదురుగా కూర్చోలేక టెన్షన్ పడతాడు.

అందుకే ఒక పరీక్ష పెట్టుకోండి. గిరాకీ బాగా ఉండే రోజుల్లోనే ఒక వారం షాపుకు దూరంగా ఉండండి. మూఢంలోనో, ఖాళీ నెలలోనో చేస్తే ఏమీ తెలియదు. వచ్చిన ప్రతి ఫోను దేనికో ఒక కాగితం మీద రాసుకోండి. రేటు గురించి ఎక్కువగా వస్తే మీ దగ్గర రేట్ల లిస్టు లేదన్నమాట. ఉద్దెర గురించి వస్తే ఎవరికి ఎంతవరకు ఇవ్వాలన్న హద్దు లేదు. సరుకు అయిపోయిందని వస్తే ఎంత మిగిలినప్పుడు ఆర్డర్ పెట్టాలో మీ తలలో తప్ప ఎక్కడా లేదు. ఈ మూడూ కాగితం మీదికి తేవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. కాగితం మీదికి వచ్చాక ఇంకో వారం దూరంగా ఉండి చూడండి. ఫోన్లు సగానికి పడిపోయి, అమ్మకం పడకుండా ఉంటే మీరు పెరగడానికి సిద్ధంగా ఉన్నట్టే.

పక్క మడిగెనా, ఇంకో ఊరా?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇవి పోలిక కోసం వేసిన అంకెలు, మీ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. మీ మార్జిన్ నూటికి 12 అనుకుందాం.

ఇంకో ఊళ్లో షాపు పెడితే కిరాయి 12,000, నమ్మకంగా చూసుకునే మనిషికి 18,000, ఇంకో పిల్లవాడికి 11,000, కరెంటు, చిల్లర ఖర్చులు 4,000. నింపే సరుకు 10 లక్షలైతే దాని మీద నెలకు నూటికి రూపాయి మిత్తి చొప్పున 10,000. మొత్తం నెలకు 55,000. ఇది రావాలంటే నెలకు 4 లక్షల 58 వేలు, అంటే రోజుకు దాదాపు 15,300 అమ్మాలి. అదీ లాభం లేకుండా, నష్టం రాకుండా ఉండటానికే.

పక్క మడిగె తీసుకుని ఉన్న షాపునే పెద్దది చేస్తే కిరాయి 10,000, ఒక పిల్లవాడికి 11,000, కరెంటు 2,000, అయిదు లక్షల సరుకు మీద మిత్తి 5,000. మొత్తం 28,000. దీనికి రోజుకు 7,800 అదనంగా అమ్మితే చాలు. పైగా మీ ముఖం చూసి వచ్చే గిరాకీ ఇప్పటికే ఉంది, గల్లా ఒక్కటే, కన్ను ఒక్కటే. కొత్త ఊళ్లో మొదటి సంవత్సరం మీరెవరో చెప్పుకోవడానికే సరిపోతుంది.

అంటే బ్రాంచి ఎప్పుడూ తప్పేనా? కాదు. అమ్మే సరుకును బట్టి ఉంటుంది. కిరాణా, మందులు, టిఫిన్ లాంటివి మనిషి ఇంటికి దగ్గర్లో కొంటాడు. అక్కడ షాపు ఎంత పెద్దది చేసినా దేవరకొండాయన నల్లగొండకు వచ్చి పప్పు కొనడు. అలాంటి వ్యాపారానికి రెండో చోటే దారి. పెళ్లి చీరలు, బంగారం, ఫర్నిచర్ కోసం మాత్రం జనం బస్సెక్కి వస్తారు. పది షాపులు తిరిగి నాలుగు రకాలు చూస్తారు. అక్కడ రెండు చిన్న షాపుల కంటే ఒక పెద్ద షాపులో ఎక్కువ రకాలు పెట్టడమే గెలుస్తుంది. హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ మధ్యలో ఉంటాయి. తాళం, బల్బు దగ్గర్లో కొంటారు, కొత్త ఇంటి సామాను మొత్తం పెద్ద షాపులో కొంటారు.

మీ బిల్లు పుస్తకమే ఈ సంగతి చెబుతుంది. ఆరు నెలల బిల్లుల్లో ఊరి పేర్లు చూడండి. ఒకే దారిలోని ఊళ్ల నుంచి వరుసగా గిరాకీ వస్తుంటే ఆ దారిలో బ్రాంచికి అర్థముంది. బిల్లు మీద ఊరి పేరు రాసే అలవాటు లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి, నిర్ణయం ఆరు నెలలు ఆగినా ఫర్వాలేదు. ఇంకో మార్గం, ఆ ఊరి వారపు అంగడిలో నాలుగైదు వారాలు టేబుల్ వేసి అమ్మి చూడడం. ఏ రేటుకు బేరం తెగుతుందో, ఏ సరుకు అడుగుతారో అడ్వాన్స్ కట్టకముందే తెలిసిపోతుంది. కురుమూర్తి, చెర్వుగట్టు లాంటి జాతరల అమ్మకాన్ని చూసి మాత్రం అంచనా వేసుకోకండి. జాతర జనం ఏడాదంతా ఉండరు.

హోల్‌సేల్ వైపు పోతే జీఎస్టీ దగ్గర ఆగి చూడండి

మూడో దారి, అమ్మేచోటు మార్చకుండా చుట్టుపక్కల చిన్న షాపులకు సరుకు వేయడం. కిరాయి పెరగదు, ఒక ఆటో ట్రాలీ ఉంటే చాలు. అందుకే ఇది చాలామందికి తేలిక దారిలా కనిపిస్తుంది. ఇక్కడ చూడాల్సింది మీరు జీఎస్టీలో ఏ పద్ధతిలో ఉన్నారన్నది.

తెలంగాణలో సరుకు వ్యాపారానికి కూడా ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. చాలా రాష్ట్రాల్లో ఉన్న 40 లక్షల హద్దు మనకు లేదు. దాన్ని యూట్యూబ్‌లో విని మోసపోకండి. కోటిన్నర లోపు అమ్మకం ఉన్నవాళ్లు కాంపోజిషన్‌లో, అంటే మామూలు పన్ను లెక్కలకు బదులు అమ్మకం మీద ఇంత శాతమని కట్టే పద్ధతిలో ఉండి, ఒక శాతం కట్టొచ్చు. రిటైల్ షాపుకు అది సుఖం. కానీ కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు బిల్లులో పన్ను వేయకూడదు, కాబట్టి మీ దగ్గర కొన్న షాపతనికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు. రెగ్యులర్‌లో, అంటే బిల్లులో పన్ను వేసే మామూలు పద్ధతిలో ఉన్న వ్యాపారి మీ దగ్గర ఎందుకు కొంటాడు? హోల్‌సేల్ చేయదలిస్తే రెగ్యులర్‌కు మారడమే మంచిది. నెలనెలా లెక్క రాసే మనిషి ఖర్చు కూడా అప్పుడు కలుపుకోండి.

దక్షిణ తెలంగాణకు ఇంకో చిక్కు ఉంది. గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు పక్కనే. నారాయణపేట వాళ్లకు రాయచూరు దగ్గర. బస్సు టికెట్ చూస్తే పక్క ఊరే, జీఎస్టీకి మాత్రం పక్క రాష్ట్రం. కాంపోజిషన్‌లో ఉండి పక్క రాష్ట్రానికి సరుకు పంపడం కుదరదు. అక్కడే షాపు తెరిస్తే ఆ రాష్ట్రంలో వేరే రిజిస్ట్రేషన్ కావాలి. అదే నారాయణపేట నుంచి మక్తల్‌కో, గద్వాల నుంచి వనపర్తికో పోతే ఉన్న రిజిస్ట్రేషన్‌లోనే ఆ చోటును అదనపు అడ్రసుగా చేర్చుకుంటే చాలు. రెండు షాపుల అమ్మకమూ ఒకే పాన్ కింద కలిసి లెక్కకు వస్తుంది. కాబట్టి బ్రాంచి పెట్టిన ఏడాదే కోటిన్నర దాటే అవకాశముందేమో ముందే చూసుకోండి.

గల్లా మీద ఎవరు?

మడిగె, సరుకు, లోను తప్పు తేలినా నష్టానికి ఒక హద్దు ఉంటుంది. గల్లా మీద కూర్చోబెట్టిన మనిషి విషయంలో తప్పు జరిగితే వ్యాపారంతో పాటు బంధుత్వమూ పోతుంది.

మామూలుగా మన ముందు ముగ్గురు ఉంటారు. ఇంటి మనిషి, పాత పనివాడు, బయటి నుంచి జీతానికి వచ్చేవాడు.

ఇంటి మనిషి అంటే తమ్ముడు, బావమరిది, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కొడుకు. డబ్బు దగ్గర ధైర్యం ఉంటుంది. లెక్క అడగడం దగ్గర ఇబ్బంది వస్తుంది. బావమరిదిని రోజూ రాత్రి గల్లా లెక్క అడిగితే ఇంట్లో మాట వస్తుంది, అడగకపోతే షాపులో లెక్క పోతుంది. ఇంటి మనిషిని పెట్టాలనుకుంటే మొదటి రోజే జీతం ఎంతో, లాభంలో వాటా ఉందో లేదో అందరి ముందు చెప్పి పెట్టండి. "మనోడే కదా, తర్వాత చూసుకుందాం" అన్న మాటే తర్వాత పంచాయితీ అవుతుంది. కొడుకైతే ఇంకో షరతు. ముందు పాత షాపులో కౌంటర్ ఇవతల, పనివాళ్లతో పాటు కొన్నాళ్లు సరుకు మోయాలి. తూకం వేయకుండా, గోదాం చూడకుండా నేరుగా గల్లా మీద కూర్చుంటే పాత పనివాళ్లు మాట వినరు.

పాత పనివాడిని నేను అందరికంటే ముందు చూస్తాను. అతనికి సరుకు తెలుసు, గిరాకీ తెలుసు, మీ పద్ధతి తెలుసు. అయితే పనివాడు వేరు, నిర్ణయం తీసుకునేవాడు వేరు. పదేళ్లు మీరు చెప్పింది చేసినవాడు ఒక్కరోజులో సొంతంగా రేటు చెప్పలేడు. అతనికి పాత షాపులోనే ఆరు నెలలు నేర్పించాలి. పండగల ముందు సరుకు కొనడానికి హైదరాబాద్ బేగంబజార్‌కు పోయేటప్పుడు వెంట తీసుకెళ్లండి. మీరు ఎందుకు ఒకటి వద్దన్నారో, ఇంకోటి ఎందుకు తీసుకున్నారో దారిలో చెప్పండి. కొత్త షాపుకు అతన్ని పెద్దను చేశాక జీతం పెంచకుండా "నీ షాపే అనుకో" అంటే సరిపోదు. అమ్మకం మీద చిన్న వాటా ఇవ్వండి. అది కూడా మొత్తం అమ్మకం మీద కాదు, చేతికి వచ్చిన డబ్బు మీద. లేకపోతే ఉద్దెర మీద ఉద్దెర ఇచ్చి అమ్మకం పెంచి చూపిస్తాడు.

బయటి మనిషి మంచి ఎంపిక అయ్యేది ఒక్క సందర్భంలో. మీకు తెలియని పని అవసరమైనప్పుడు. స్వీట్ హౌస్‌కు వంట మాస్టర్, ఆన్‌లైన్‌లో చీరలు అమ్మడానికి ఫొటోలు, పార్శిళ్లు చూసే మనిషి లాంటివాళ్లు. గల్లా కోసమే బయటి మనిషిని తెచ్చుకోవడం చిన్న షాపుకు నేను సలహా ఇవ్వను.

ఎవరిని పెట్టినా ఏ నిర్ణయం ఎవరిదో రాసి గోడకు అంటించండి. నేను చెప్పే కొలత ఒకటే: తప్పు జరిగితే రేపు సరిదిద్దుకోగలిగే నిర్ణయాలు వాళ్లవి, సరిదిద్దలేనివి మీవి. బిల్లు మీద నూటికి రెండు దాకా తగ్గించడం, పాడైన సరుకు వాపసు తీసుకోవడం, తెలిసిన మేస్త్రీకి 2,000 దాకా ఉద్దెర ఇవ్వడం, సెలవులు సర్దుకోవడం అక్కడి మనిషి చూసుకోవచ్చు. కొత్త కంపెనీ డీలర్‌షిప్, పెద్ద ఉద్దెర, పనివాణ్ణి తీసేయడం, చెక్కు మీద సంతకం మీ దగ్గరే ఉండాలి. ఒకసారి ఇచ్చిన అధికారాన్ని గిరాకీ ముందు వెనక్కి తీసుకోకండి. తగ్గించింది తప్పనిపిస్తే రాత్రి షట్టర్ వేశాక చెప్పండి. గిరాకీ ముందు మాట తీసేస్తే ఆ గిరాకీ రేపటి నుంచి ప్రతిదానికీ మీకే ఫోను చేస్తాడు.

కొత్త షాపు ఫోన్‌పే స్కానర్ వేరే ఖాతాకు పెట్టండి. పాత ఖాతాకే పెడితే ఏ షాపు ఎంత అమ్మిందో నెలాఖరుకు మీకే తెలియదు. అక్కడి మనిషి సొంత నంబరు మీద స్కానర్ పెట్టడం ఒక్కరోజు కూడా వద్దు. ఇంకా ఒక చిన్న నోట్‌బుక్ కౌంటర్ మీద ఉంచండి, గిరాకీ అడిగి లేదనిపించుకున్న ప్రతి వస్తువూ అందులో రాయాలి. వారానికోసారి ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని పనివాళ్లతో కూర్చుంటే తర్వాత ఏ సరుకు తేవాలో వాళ్లే చెబుతారు. చిన్న షాపుల్లో ఇంతకంటే మంచి మీటింగ్ నేను చూడలేదు.

ఒక్కరేనా, పార్ట్‌నర్‌తోనా?

డబ్బు తక్కువై పార్ట్‌నర్‌ను చేర్చుకోవాలనుకుంటే 1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టంలో మూడు సంగతులు తెలుసుకోండి. మీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి. మీరు ఎనిమిది లక్షలు, అతను రెండు లక్షలు పెట్టినా అంతే. రెండోది, వ్యాపారం పేరు మీద అతను చేసిన అప్పుకు మీ ఇల్లు కూడా జవాబు చెప్పాల్సి రావచ్చు. మూడోది, ఫర్మ్ రిజిస్టర్ చేయించకపోతే బాకీ ఎగ్గొట్టినవాడి మీద ఫర్మ్ పేరున కోర్టుకు పోలేరు. ఎల్‌ఎల్‌పీ (పార్ట్‌నర్ల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థ) పెట్టుకుంటే సొంత ఆస్తికి రక్షణ ఉంటుంది, కానీ వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటా ఫారాలు దాఖలు చేయాలి. ఒకే ఊళ్లో రెండు షాపుల దాకా సొంత పేరు మీద నడిపించడమే చాలామందికి సులభం. పార్ట్‌నర్ తప్పదంటే డబ్బున్న మనిషి కంటే రోజూ వచ్చి కూర్చునే మనిషిని చూడండి.

డబ్బు ఎక్కడి నుంచి?

మన దగ్గర వ్యాపారం పంటతో ముడిపడి ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు ఉద్దెర వానాకాలం వడ్లు అమ్ముడుపోయాక ఒకసారి, యాసంగి వడ్లు అమ్ముడుపోయాక ఇంకోసారి వస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లికాయ మార్కెట్‌కు చేరాక వస్తుంది. బ్యాంకు కిస్తీ మాత్రం ప్రతి నెలా వస్తుంది. ఈ రెండూ కలవక మంచి షాపులు కూడా చిక్కుల్లో పడతాయి.

కాబట్టి ర్యాకులు, ఫ్రిజ్, ట్రాలీ లాంటి నిలిచే వస్తువులకు నెల కిస్తీల టర్మ్ లోను తీసుకోండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర లోన్లలో శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా ఉంటుంది. తరుణ్ తీసుకుని సరిగ్గా కట్టినవాళ్లకు 20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ కూడా వచ్చింది. ఆస్తి తాకట్టు అడగరు. సరుకుకు, ఉద్దెరకు మాత్రం క్యాష్ క్రెడిట్ మంచిది. వాడుకున్నంతకే, వాడుకున్న రోజులకే మిత్తి. పంట డబ్బు రాగానే కట్టేసి మళ్లీ తీసుకోవచ్చు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు అంచనా అమ్మకంలో అయిదో వంతు దాకా ఈ లిమిట్ లెక్క కడతాయి, అందుకే రిటర్నులలో అమ్మకం తక్కువ చూపించినవాళ్లకు లిమిట్ కూడా తక్కువే వస్తుంది.

చిట్టి ఎత్తి షాపు పెట్టడం మన దగ్గర మామూలే. రిజిస్టర్ అయిన చిట్టి అయితే, తక్కువ పాటకు వచ్చినప్పుడు ఎత్తుకుంటే ఫర్వాలేదు. షాపు తొందర కోసం మొదటి నెలల్లోనే ఎక్కువ తగ్గించి పాడితే మాత్రం మిత్తి మీరనుకున్నదానికంటే బాగా పెరుగుతుంది. ఇక గిరిగిరి, అంటే రోజూ కొంత కొంత కట్టే అప్పు. 9,000 చేతికిచ్చి రోజుకు 100 చొప్పున వంద రోజులు తీసుకుంటే పోయేది వెయ్యే కదా అనిపిస్తుంది. అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్కగడితే ఏడాదికి నూటికి 75 దాటుతుంది. నూటికి 12 మార్జిన్ వచ్చే షాపు దాన్ని మోయలేదు. గిరిగిరి నడుస్తుండగా విస్తరణ గురించి ఆలోచించనే వద్దు, ముందు దాన్ని తీర్చండి.

ఈ లెక్కలన్నీ వేశాక ఏదీ కుదరకపోతే, ఉన్నంతలో ఉండటం కూడా ఒక నిర్ణయమే. దాన్ని వాయిదా లాగా కాకుండా నిర్ణయం లాగానే తీసుకోండి. ఈ సంవత్సరం కొత్త షాపు లేదని ఇంట్లోవాళ్లకూ పనివాళ్లకూ చెప్పండి. పాత ఉద్దెర ఎవరి దగ్గర ఎంత ఉందో తేల్చి వసూలు మొదలుపెట్టండి. కదలని సరుకును రేటు తగ్గించి వదిలించుకోండి. కౌంటర్ దగ్గరి పిల్లవాడికి రేట్ల లిస్టు, తగ్గింపు హద్దు చేతికివ్వండి. వచ్చే దసరా నాటికి ఎన్ని ఫోన్లు తగ్గాయో, చేతిలో ఎంత రొక్కం ఉందో చూసుకుని అప్పుడు మళ్లీ మడిగెల బేరం అడగండి.